ఉన్నికి మైల లేదు

నా చిన్నప్పుడు నేను అంత తేలిగ్గా భయపడే పిల్లను కాదు. పాము కనబడితే అరవకుండా కర్ర వెతుక్కునేదాన్ని. బళ్ళో అయ్యవారు బెత్తం తీస్తే అందరికంటే ముందు చెయ్యి చాపి, ఆ పని అయిపోయిందనిపించుకుని కూర్చునేదాన్ని. అలాంటిదాన్ని, ఒళ్ళు చల్లబడి, నాలుక పిడచకట్టి, కాళ్ళు మన మాట వినకుండా పోవడమంటే ఏమిటో ఒకే ఒక్క మధ్యాహ్నం పూట తెలుసుకున్నాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు నా మనవరాలికే ఆ వయసు వచ్చింది. అయినా ఆ పూట గుర్తుకొస్తే అరచేతులకు చెమట పడుతుంది.

మాది చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఊరు అన్నానే గానీ మా ఇళ్ళు ఊళ్ళో లేవు, ఊరికి అవతల హరిజనవాడలో ఉండేవి. వాడకు కరెంటు లేదు, కొళాయి లేదు, బస్సు ఆగేది కూడా ఊరి దగ్గరే. కానీ చుట్టుపక్కల ఏ ఊరికీ లేనిది మాకొకటి ఉండేది. అది మా బాల్ బ్యాడ్మింటన్ జట్టు. ఇప్పటి పిల్లలకు ఆ ఆట తెలియదు. నెట్టుకు ఈ పక్క ఐదుగురు, ఆ పక్క ఐదుగురు నిలబడి, నిమ్మకాయకంటే కొంచెం పెద్దదైన పసుపుపచ్చ ఉన్ని బంతిని నేల తాకనివ్వకుండా బ్యాట్లతో కొట్టుకోవాలి. ముందుగా ఇరవై తొమ్మిది పాయింట్లు తెచ్చుకున్నవాళ్ళది ఆట. మూడింట్లో రెండు ఆటలు గెలిస్తే పందెం గెలిచినట్టు.

ఆ జట్టును పెట్టింది మా తాత, మా నాయనను కన్న నాయన. దొరల కాలంలో ఆయన చిత్తూరులో ఒక క్లబ్బులో బంతులు ఏరే పనికి కుదిరాడు. దొరలూ, వాళ్ళతో తిరిగే మన పెద్దమనుషులూ సాయంత్రం ఆడుకుంటుంటే, గీత బయట నిలబడి పక్కకు పోయిన బంతులు అందించడం ఆయన పని. గీత లోపల కాలు పెట్టడానికి లేదు. మరి ఆట ఎట్లా నేర్చుకున్నాడంటే, చూసి నేర్చుకున్నాడు. విరిగిందని పారేసిన బ్యాటు ఒకటి తెచ్చుకుని, దానికి కొయ్యపిడి కట్టుకుని, వాడలో గోడకు కొట్టి కొట్టి నేర్చుకున్నాడు. తరువాత వాడలో కుర్రవాళ్ళను పోగేసి, పుట్టమన్ను కొట్టించి, పేడతో అలికించి కోర్టు చేయించాడు. నేను పుట్టేసరికి ఆ జట్టుకు చెప్పుకోదగ్గ పేరు వచ్చేసింది.

పేరు వచ్చింది కానీ చోటు రాలేదు. చిత్తూరులో పెద్ద పందేలు జరిగేవి, వాటిలో మా జట్టు పేరు రాసుకునేవాళ్ళు కాదు. ఎందుకని అడిగితే క్లబ్బు సభ్యులకే అనేవాళ్ళు, సభ్యులుగా చేర్చుకోమంటే నవ్వేవాళ్ళు. అందుకని మావాళ్ళు పల్లెలు పట్టుకుని తిరిగేవాళ్ళు. తిరునాళ్ళకో, కొత్త పంట ఇంటికి వచ్చినప్పుడో ఊరివాళ్ళే పిలిచేవాళ్ళు. బస్సు ఖర్చులూ, అన్నమూ, ఏదో కొంత చేతిలో పెట్టేవాళ్ళు. జనం విరగబడి వచ్చేవాళ్ళు. మా చిన్నాయన, మా నాయన తమ్ముడు, జట్టుకు కెప్టెను. ఆట మొదలయ్యే ముందు వీపు వెనక నుంచి బంతి కొట్టి చూపించేవాడు, గొంతుకూర్చుని కొట్టేవాడు, కళ్ళు మూసుకుని కొట్టేవాడు. జనం ఈలలు వేసేవాళ్ళు. ఆ ఈలలు వేసినవాళ్ళే ఆట అయ్యాక మావాళ్ళ చేతికి టెంకాయ చిప్పలిచ్చి, చేయి తగలకుండా పైనుంచి కాఫీ పోసేవాళ్ళు.

ఇంకో సంగతి. మావాళ్ళు చెడుగుడు కూడా బ్రహ్మాండంగా ఆడేవాళ్ళు, కానీ దానికి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. చెడుగుడులో పట్టుకోవాలి, ముట్టుకోవాలి. ఈ ఆటలో మధ్య నెట్టు ఉంటుంది. అయినా బంతి సంగతేమిటని పలమనేరు అవతల ఒక ఊళ్ళో మొదటిసారే పేచీ వచ్చిందట. వాడవాళ్ళు చేత్తో పట్టుకున్న బంతిని మన పిల్లలు పట్టుకోవచ్చా అని. ఆ ఊళ్ళో పెరుమాళ్ళ గుడి అర్చకత్వం చేసే పెద్ద స్వామి ఒకాయన ఉండేవాడు. ఆయన ఆలోచించి, పట్టుకూ ఉన్నికీ మైల అంటదని శాస్త్రమే చెబుతోంది, బంతి ఉన్నిదే కదా, ఆడుకోండని తీర్పు చెప్పాడట. ఆ ఒక్క మాట మీద మావాళ్ళు ఆ ప్రాంతమంతా ఏళ్ళ తరబడి ఆడారు.

మా తాత జట్టుకు కొన్ని కట్టుబాట్లు పెట్టాడు. ఊరి జట్టును చిత్తుగా ఓడించకూడదు. రెండు మూడు పాయింట్ల తేడాతో గెలవాలి, అంతే. గెలుపు మరీ ఎక్కువైపోతోందనిపిస్తే తాత తలగుడ్డ తీసి మోకాళ్ళ మీద పరుచుకునేవాడు. అది చూసి మావాళ్ళు చెయ్యి తగ్గించేవాళ్ళు. తేడా సరిపోగానే తాత మళ్ళీ తలగుడ్డ చుట్టుకునేవాడు, మావాళ్ళు ఆట ముగించేవాళ్ళు. కావాలని ఓడిపోవడం మాత్రం ఆయన ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఇంక మిగిలిందేముందిరా మనకు అనేవాడు.

నేను వాళ్ళతో వెళ్తానని ఆ ఏడు పట్టుబట్టాను. అమ్మ వద్దంది. మా నాయనకు ఆట అబ్బలేదు, చెరుకు గానుగ దగ్గర బెల్లం వండేవాడు. పోనీలే ఒకసారి చూసొస్తుంది అన్నాడు. అది ధనుర్మాసం. పలమనేరు పక్క మధ్యాహ్నం కూడా చలిగాలి కోసేస్తుంది. అందుకని పక్కింటి అక్క అల్లిన స్వెటరు తొడిగి పంపారు. ఆ అక్క మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసేది, నర్సమ్మల దగ్గర అల్లిక నేర్చుకుంది. కొత్త ఉన్ని కొనే స్తోమత ఎక్కడిది? తాత దగ్గర చచ్చిపోయిన బంతులు గంపెడు ఉంటే వాటిని విప్పి, ఆ ఉన్నితోనే అల్లింది. పిల్ల ఎదుగుతుంది కదా అని మోకాళ్ళ కిందికి వచ్చేట్టు అల్లేసింది. వాడలో పిల్లలంతా నన్ను గుమ్మడికాయ అని ఏడిపించారు. నాకు మాత్రం అది తొడుక్కుంటే నేనూ జట్టులో మనిషినే అనిపించింది, ఎండెక్కినా విప్పలేదు.

ఆ ఏడు పందెం పెద్ద స్వామి తీర్పు చెప్పిన ఊళ్ళోనే. బస్సు దిగి ఆ ఊరికి నడుస్తుంటే తాత నన్ను ఆపి, ముందు వంగి కూర్చుని, నా రెండు చేతులూ పట్టుకుని చెప్పాడు. "అమ్మణ్ణీ, ఆడ బంతి యాడ పడినా నువ్వు కదలొద్దు. ఊరి పిల్లోళ్ళు తెస్తారు. తేకపోతే పోనీ. ఇంకో బంతి తీస్తాం. ఇనిందా?" విన్నానన్నాను. నిజంగానే విన్నాను. కానీ వాడలో మా పిల్లలందరికీ ఒకటే పందెం, కోర్టు బయటికి పోయిన బంతిని ఎవరు ముందు తెస్తారా అని. ముళ్ళకంపలో పడినా, దిబ్బలో పడినా దూకేసేవాళ్ళం. నాలుగేళ్ళ వయసు నుంచి అలవాటైన కాళ్ళకు తాత చెప్పిన మాట ఎక్కడ గుర్తుంటుంది?

కోర్టు ఊరి మునసబు ఇంటి వెనక బయల్లో వేశారు. ఒక పక్క పందిరి, పందిరి కింద మునసబూ, ఊరి పెద్దలూ, గోడకానుకుని కుర్చీలో ఆ పెద్ద స్వామి. ఇంకో పక్క చింతచెట్టు కింద మేము. మునసబు కొడుకే ఊరి జట్టుకు కెప్టెను, మంచి బలమైన మనిషి. పందెం అయ్యాక ఊరందరికీ మునసబు ఇంట్లోనే భోజనాలు. వంటిల్లు ఆ బయలు వైపే, దొడ్డి తలుపు బార్లా తీసి ఉంది. పొద్దుట నుంచి పులిహోర పోపు వాసన, సాంబారు వాసన. అంపైరుగా వచ్చిన డ్రిల్లు మాస్టరు కూడా ఆ తలుపు వైపు రెండు మూడుసార్లు చూడటం నేను చూశాను.

మొదటి ఆట మావాళ్ళు గెలిచారు, రెండోది వాళ్ళు గెలిచారు. మూడో ఆటలో మావాళ్ళు ఇరవై నాలుగు, వాళ్ళు పందొమ్మిది. అప్పుడు మునసబు కొడుకు కొట్టిన బంతి ఒకటి గాలిలోకి లేచి, అందరి నెత్తుల మీదుగా పోయి, ఆ దొడ్డి తలుపు ముందు పడి, గడప దాటి లోపలికి దొర్లిపోయింది. నేను లేచింది నాకు తెలియదు. పరిగెత్తింది తెలియదు. తెలిసేసరికి వంటింట్లో ఉన్నాను.

లోపల పొగ. పెద్ద ఈతచాప మీద తెల్ల గుడ్డ పరిచి అన్నం రాశి పోశారు. దాని మీద నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. బంతి ఆ చాప అంచున ఆగి ఉంది. దాన్ని తీసుకుని లేచాక చూశాను, పొయ్యి దగ్గర ఒక పడుచామె గరిటె పట్టుకుని నన్నే చూస్తోంది. మునసబు ఇంటి కోడలనుకుంటాను. ఆమె అరవలేదు. ఆమె ముఖంలో కోపం లేదు, అది చూసే నాకు మొదటిసారి భయం వేసింది. ఎందుకంటే ఆమె నా కోసం భయపడుతోంది. "పో పాపా, పో, ఎవురన్నా సూస్తే సంపేస్తారు" అని గొంతులోనే అంది. నేను వెనక్కి తిరిగి గడప దాటాను.

బయట అందరూ చూస్తున్నారు. ఆ బయల్లో మూడు నాలుగు వందలమంది ఉండి ఉంటారు. అంతసేపూ ఈలలు, కేకలు ఉన్న చోట ఒక్కసారిగా ఏ చప్పుడూ లేకుండా పోతే పిల్లల ప్రాణం ఎలా ఉంటుందో చెప్పలేను. బంతి రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడ్డాను. కాళ్ళు కదలలేదు. కోర్టులో మావాళ్ళు ఐదుగురూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు, చింతచెట్టు కింద తాత లేచాడు. అప్పుడు ఎవరో అన్నారు, "అన్నం కాడికి పోయినాదిరా!" అంతే, కట్టలు తెగినట్టు జనం లేచారు.

ఎవరెవరు ఏమన్నారో గుర్తులేదు. వండినదంతా పారబోయాలని ఒకరు. పారబోసి, ఈళ్ళ చేత ఇల్లు కడిగించాలని ఒకరు. ముందు ఆ బ్యాట్లు పొయ్యిలో పెట్టండని ఒకరు. ముసలోణ్ణి చెట్టుకు కట్టెయ్యండి, పిల్లను తెచ్చింది ఆడే కదా అని ఇంకెవరో. ఆ మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. మా తాతను కడతారు. నా వల్ల. అప్పటిదాకా నన్ను కొడతారేమోనని భయం, ఆ క్షణం నుంచి భయం వేరే అయిపోయింది. నన్ను కొడితే బాగుండునని దేవుణ్ణి మొక్కుకున్నాను. మా చిన్నాయన బ్యాటు పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు, ఆడటానికి పట్టుకున్నట్టు కాదు. అతని పక్కకు తాత నడిచి వచ్చి, ఆ బ్యాటు మీద చెయ్యి వేసి కిందికి దించాడు. తరువాత చెప్పులు అక్కడే విడిచి, నా దగ్గరికి వచ్చాడు.

నా భుజం మీద చెయ్యి వేసి పందిరి ముందుకు నడిపించుకుపోయాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. జనం చూస్తుండగా నన్ను నాలుగు దెబ్బలు వేస్తే వాళ్ళ కోపం చల్లారేదేమో, అది ఆయనకు తెలియకపోదు. కానీ ఆయన చెయ్యెత్తలేదు. మునసబు వైపు కూడా చూడలేదు. తిన్నగా పెద్ద స్వామి కుర్చీకి పదడుగుల దూరంలో ఆగి, నేల మీద కూర్చుని, చేతులు జోడించాడు.

"సామీ, మేం ఈడికి మొదుట వచ్చిన ఏడు, మా సేతి బంతి మీ పిల్లోళ్ళు ముట్టుకోవచ్చునా అని ఊరంతా అడిగె. ఉన్నికి మైల లేదని మీరే సెప్పినారు. ఆ మాట మింద ఇన్నేండ్లు ఆడినాం. ఇప్పుడు ఈ పాపను సూడండి సామీ. గొంతుకాడ నుంచి మోకాళ్ళ కింద దాకా ఉన్నే. అదీ ఏ ఉన్ని? మీరు ఆడుకోమన్న బంతులు ఇప్పి అల్లిన ఉన్ని. బంతి లోపలికి పోయినాది. దాన్ని తెచ్చేదానికి ఇంకో బంతి పోయినాది. అంతే."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్విన మనిషిని పక్కవాడు తిట్టాడు. నాకేమీ అర్థం కాలేదు. తాతకు భయంతో మతి పోయిందనుకున్నాను. పందిరి కింద నుంచి మునసబు గట్టిగా అడిగాడు, "మరి కాళ్ళో? కాళ్ళకేమన్నా ఉన్ని ఉండాదా?" అందరూ నా కాళ్ళ వైపు చూశారు. మట్టి కొట్టుకుపోయిన ఉత్త కాళ్ళు. ఒకదాని మీద ఒకటి వేసి దాచుకోవాలని చూశాను. అయిపోయింది అనుకున్నాను.

తాత తల ఎత్తలేదు. గొంతు మాత్రం మారలేదు. "కాళ్ళు నేల మింద పడినాయి, నిజమే అయ్యా. మా కాళ్ళు పడని నేల ఈ ఊళ్ళో యాడుండాది? కయ్యల్లో నాటేది మేమే, కోసేది మేమే, కళ్ళంలో ఆ వడ్లు తొక్కేది మేమే. ఆ బియ్యమే కదా ఇప్పుడు లోపల ఉడికి ఉండేది. దానికి అంటుంటే ఎప్పుడో అంటి ఉండాల సామీ. మీరు యేది సెప్తే అది."

ఆ స్వామికి అప్పటికే ఎనభై దాటి ఉంటాయి. కళ్ళు చికిలించి నా వైపు చూశాడు, నా స్వెటరు వైపు చూశాడు, తరువాత వంటింటి తలుపు వైపు చూశాడు. ఆయన దయగలవాడో, తన మాట తానే తప్పడం ఇష్టంలేని మొండివాడో, అంతమంది ఆకలి మీద ఉన్నారని లెక్క వేసుకున్నాడో నాకు ఈ రోజుకీ తెలియదు. నిజం చెప్పుకోవాలంటే అక్కడ ఉన్న ప్రతివాడి కడుపూ కాలుతోంది, ఆ పులిహోర పారబోయాలని ఎవడికీ లేదు. ఎవరో ఒకరు పారబోయనక్కర్లేదని చెబితే బాగుండునని చూస్తున్నారు. స్వామి గొంతు సవరించుకుని, "ఉన్ని ఉన్నే. నేను చెప్పిన మాటకు నేనే తప్పేదెట్లా? నీళ్ళు చల్లుకోండి, చాలు. ఆట కానివ్వండి" అన్నాడు. జనం గొణుక్కుంటూ కూర్చున్నారు.

నేను బతికానని అనుకున్నాను. తాత లేచి, నన్ను చెట్టు కిందికి తీసుకొస్తుంటే మునసబు కొడుకు మాకు ఎదురు వచ్చాడు. నవ్వుతూనే ఉన్నాడు, దూరం నుంచి చూసేవాళ్ళకు ఏదో మంచి మాట చెబుతున్నట్టే ఉంటుంది. "మాటల్తో గెలిస్తివి ముసలోడా. ఆటలో గూడా గెలిసి బస్సెక్కుతావా? దావలో సూస్తాం" అన్నాడు. అతని వెనక పదిమంది కుర్రవాళ్ళు ఉన్నారు. వాళ్ళు నవ్వడం లేదు. బస్సు రోడ్డు దాకా దారి ఒకటిన్నర మైలు, మధ్యలో చెరుకు తోటలు తప్ప ఇల్లు లేదు. తాత చెట్టు కింద నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. తలగుడ్డ తీసి, నా మోకాళ్ళ మీద, తన మోకాళ్ళ మీద కలిపి పరిచాడు.

మా చిన్నాయన అది చూశాడు. ఐదు పాయింట్ల ముందున్నాం, కొంచెం తగ్గించమంటున్నాడనుకున్నాడు. ఒక బంతి పక్కకు కొట్టాడు, ఇంకొకటి వదిలేశాడు. తేడా మూడు, తరువాత రెండు. ఇంక చాలు కదా అని తాత వైపు చూశాడు. తాత తలగుడ్డ ముట్టుకోలేదు. తేడా ఒకటి. మళ్ళీ చూశాడు. తాత తలగుడ్డ అలాగే ఉంది, తాత కళ్ళు ఎదురుగా ఉన్న చెరుకు తోటల మీద ఉన్నాయి. అప్పుడు చిన్నాయనకు అర్థమైంది. అతని ముఖంలో అర్థమవడం నేను చూశాను. ఒక్క క్షణం బ్యాటు కింద పడేసి ఎవరి మీదకైనా పోతాడేమోనని భయం వేసింది. అతను బ్యాటు మార్చి పట్టుకుని, నా వైపు ఒకసారి చూసి, ఆటలోకి తిరిగాడు.

ఓడిపోవడం కూడా ఆడి చూపించాలి, అది గెలవడంకంటే కష్టం. మావాళ్ళు మధ్యలో రెండు పాయింట్లు గెలిచారు, అనుమానం రాకుండా. ఆయాసపడ్డారు, తల కొట్టుకున్నారు, ఒకరినొకరు తిట్టుకున్నారు. చివరి ఆరు బంతులూ చిన్నాయన దగ్గరికే వచ్చాయి. కళ్ళు మూసుకుని కొట్టే మనిషి, ఆరింటినీ నెట్టుకు కొట్టాడు. నేను లెక్కపెట్టాను. ప్రతి బంతీ నెట్టుకు తగిలి కింద పడినప్పుడల్లా జనం ఎగిరి గంతులు వేశారు. మునసబు కొడుకును భుజాల మీదికి ఎత్తుకున్నారు. నేను తాత ఒళ్ళో ముఖం దాచుకోకుండా చూశాను. చూడకపోతే తప్పు చేసినట్టు అవుతుందనిపించింది.

తరువాత ఊరంతా లోపల తిన్నారు. మాకు చెట్టు కింద ఆకులు వేసి, అదే పులిహోర, అదే అన్నం పైనుంచి జారవిడిచారు. మావాళ్ళు తినబోమన్నారు. తాత నెమ్మదిగా, పెదవులు కదలకుండా అన్నాడు. "తినండిరా. తినకుండా పోతే కోపమొచ్చిందనుకుంటారు." తిన్నారు. నాకు తాత ముద్ద ముద్దకీ నీళ్ళు తాగించి తినిపించాడు. అంత రుచి లేని పులిహోర నేను జన్మలో తినలేదు. చెరుకు తోటల మధ్య నడుస్తుంటే ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆకు కదిలితే నా గుండె ఆగేది. చిన్నాయన నన్ను చంకన ఎత్తుకున్నాడు, తొమ్మిదేళ్ళ పిల్లనని కూడా చూడకుండా. దారిలో ఎవరూ రాలేదు. గెలిచినవాళ్ళకు మాతో పనేముంది?

బస్సులో తాత పక్కన కూర్చున్నాక తెలిసింది. ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. బస్సు కుదుపు అనుకున్నాను, బస్సు ఆగినప్పుడు కూడా ఆగలేదు. బీడీ తీసి ముట్టించబోతే పుల్ల నిలవలేదు, మూడు పుల్లలు విరిచి మానేశాడు. అంతమంది ముందు గొంతు మారకుండా మాట్లాడిన మనిషి ఆయనేనా అని చూశాను. భయం వేసిందా తాతా అని అడిగాను. "వేసింది" అన్నాడు. "ఇప్పుడూ వేస్తా ఉండాది. అదేం పోదు అమ్మణ్ణీ. అది ఉంటే ఉండనీ అని మన పని మనం సూసుకోవాల."

చిన్నాయన ముందు సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎందుకు చిన్నాయనా నెట్టుకు కొట్టినావు అని అడిగాను. తెలుసు నాకు, అయినా అడిగాను. ఎండ కంట్లో పడింది పాపా అన్నాడు. ఆ ఆరు బంతులప్పుడూ ఎండ అతని వీపు మీదే ఉంది. నేను ఏడ్చాను. నా వల్లే కదా అని తాతను పట్టుకుని ఏడ్చాను. తాత నన్ను ఏడవనిచ్చాడు. తరువాత చెప్పాడు. "బంతి పోతే తెచ్చేది పిల్లోళ్ళ పని. నువ్వు తప్పు సేయలేదు. ఉన్నికి మైల లేదని నేను సెప్పినానే, అది వాళ్ళ కోసరం సెప్పిన మాట. నువ్వు నమ్మాకు. మైలే లేదు. అది ఉంటే కదా, ఉన్నికి అంటదు, నూలుకు అంటుతాదు అనేదానికి."

ఆ తరువాత కూడా జట్టు చాలా ఏళ్ళు ఆడింది. అదే ఊరికి మళ్ళీ పోయి, రెండు పాయింట్ల తేడాతో గెలిచి వచ్చారు కూడా, నేను పోలేదు గానీ. కాలం మారుతూ వచ్చింది. చిత్తూరు పందేల్లో పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. కాలేజీలో చేరిన మా కుర్రవాళ్ళను పెద్ద జట్లు పిలుచుకున్నాయి, ఒకరికి పోలీసు ఉద్యోగం, ఇంకొకరికి రైల్వేలో ఉద్యోగం వచ్చాయి. మంచివాళ్ళంతా అట్లా వెళ్ళిపోయాక వాడ జట్టు దానంతట అదే ఆగిపోయింది. తాత సంతోషించాడు, సంతోషిస్తూనే సాయంత్రాలు ఖాళీ కోర్టు దగ్గర కూర్చునేవాడు. చిన్నాయనకు వయసు దాటిపోయింది, అతన్ని ఎవరూ పిలవలేదు. ఆ పందెం సంగతి అతను చనిపోయేదాకా నాతో ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను డ్రిల్లు టీచరునయ్యాను. ముప్పై ఏళ్ళకు పైగా ఆడపిల్లల బళ్ళలో ఆటలు నేర్పాను. పందేనికి ముందు పిల్లలు నా కొంగు పట్టుకుని భయంగా ఉంది టీచర్ అంటే, భయపడకండి అని ఎప్పుడూ చెప్పలేదు, నాకూ భయంగానే ఉంది పదండి అనేదాన్ని. తోటి టీచర్లు నన్ను వింతగా చూసేవాళ్ళు. ఇంకొకందుకు కూడా చూసేవాళ్ళు. సులువైన బంతిని నెట్టుకు కొట్టి, తల దించుకుని వచ్చిన పిల్లను నేను ఒక్క మాట అనేదాన్ని కాదు. ఎందుకట్లా కొట్టావని అడిగేదాన్ని కూడా కాదు. ఎవరి కోసం కొట్టిందో నాకేం తెలుసు?